మా మిల్లు ఇంజనూ, కార్నో గారి లెక్కా

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు ఫోను చేశారు. గుళ్ళ గురించీ, కాటన్ దొర గారి గురించీ, వేదపండితుల గురించీ సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి పింఛను పుచ్చుకుంటున్నవాడిని. నాకు బాగా తెలిసిన చరిత్ర ఒక ఆయిల్ ఇంజనుది. దాని వెనుక రెండు వందల ఏళ్ళ కథ ఉంది, మా ఇంటి కథ కూడా కొంత ఉంది. ఆ రెండోది ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు. మన సంచికలో కాకపోతే ఇంకెక్కడ వ్రాస్తాను అనిపించి ఈ సాహసం చేస్తున్నాను. లెక్కలు వచ్చినచోట విసుగు పుడితే దాటేసి చదవవలసిందిగా మనవి.

మాది కొత్తపేట తాలూకాలో కాలవ గట్టున ఉన్న ఊరు. మా నాన్నగారూ మరి ఇద్దరు భాగస్వాములూ కలిసి ఒక హల్లరు మిల్లు నడిపేవారు. తెల్లవారేసరికి చుట్టుపక్కల లంకల నుంచి ధాన్యం బస్తాలు పడవల మీదా బళ్ళ మీదా వచ్చి చేరేవి. మిల్లు తిరుగుతోందీ లేనిదీ చూడనక్కరలేదు, ఊళ్ళో ఏ మూల ఉన్నా ఆ టుక్కు టుక్కు వినిపించేది. ఆ చప్పుడు తేడాగా ఉంటే మా అమ్మ "ఇవాళ ఇంజనుకు ఒంట్లో బాగున్నట్టు లేదు" అనేది.

మొదట్లో ఉన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఇంజను. దానికి ముందుగా తల కాల్చాలి. అంటే బ్లోలాంపు వెలిగించి, సిలిండరు చివర ఉన్న ఇనుప బుర్రను ఎర్రబడేదాకా వేడి చేసి, అప్పుడు చక్రం తిప్పాలి. హెర్బర్ట్ ఎక్రాయిడ్ స్టూవర్ట్ అనే ఆయన 1890లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. హార్న్స్‌బీ కంపెనీ వారు 1892 నుంచి అటువంటి ఇంజనులు తయారుచేసి ప్రపంచమంతా అమ్మారు. ఆ కంపెనీయే 1918లో రస్టన్ వారితో కలిసి రస్టన్ హార్న్స్‌బీ అయింది. ఆ పేరు మన పాత మిల్లుల వాళ్ళకు చెప్పనక్కరలేదు. తరువాత పూనా దగ్గర ఖడ్కీలో కిర్లోస్కర్ వారు 1946లో ఆయిల్ ఇంజనుల కంపెనీ పెట్టారు. మా మిల్లులో ఆ తలకాల్చే ఇంజను పోయి 16 హార్స్ పవరు డీజిల్ ఇంజను వచ్చింది. దానికి నిప్పు చూపించనక్కరలేదు. గాలిని నొక్కితే చాలు, గాలే నిప్పవుతుంది.

ఆ ఇంజనును నడిపే డ్రైవరును మేము పిల్లలం ఇంజను బాబాయి అనేవాళ్ళం. ఆయన చదువు సంతకం వరకే. కాని ఇంజను దగ్గర ఆయన చేసే ప్రతి పనికీ ఒక వరస ఉండేది. ముందు నీళ్ళ తొట్టి చూసేవాడు, తరువాత కందెన చూసేవాడు. వాల్వు పట్టి ఉంచే మీట ఎత్తి, ఇంకొక మనిషి సాయంతో చక్రం ఊపందుకునేదాకా తిప్పి, సరిగ్గా సమయం చూసి మీట వదిలేవాడు. ఎన్ని గంటలు నడిచిందీ, ఎన్ని లీటర్ల నూనె పోసిందీ, ఎన్ని బస్తాలు ఆడిందీ సాయంత్రం చెబితే నాన్నగారు పుస్తకంలో వ్రాసుకునేవారు.

ఇక రెండు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి. ఫ్రాన్సు దేశంలో సాడీ కార్నో అనే కుర్ర సైనిక ఇంజనీరు 1824లో ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు. అప్పట్లో ఆవిరి యంత్రాలలో ఇంగ్లండుదే పైచేయి. ఎంత బొగ్గు కాలిస్తే ఎంత పని వస్తుందో తలా ఒక మాట చెప్పేవారు గాని, ఇంతకు మించి రాదు అని గీత గీసి చెప్పినవాడు లేడు. కార్నో ఆ గీత గీశాడు. నీరు ఎత్తునుంచి పల్లానికి పడుతూ చక్రం తిప్పినట్టే, వేడి కూడా ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకు దిగుతూ పని చేస్తుందన్నాడు. ఎంత పని వస్తుందన్నది ఆ ఎత్తుపల్లాల మీదనే ఆధారపడుతుంది, లోపల ఉన్నది ఆవిరా, గాలా, మరొకటా అన్నదాని మీద కాదు. మనకు ఇది తేలికగా బోధపడాలి. లాకుల దగ్గర పై నీటిమట్టం, కింది నీటిమట్టం చూస్తూ పెరిగినవాళ్ళం కదా.

అయితే ఆ పోలికలోనే కార్నో ఒకచోట తప్పులో కాలువేశాడు. లాకు దగ్గర పైనుంచి ఎన్ని నీళ్ళు దిగితే కిందికి అన్నీ చేరతాయి, చుక్క తగ్గదు. వేడి కూడా అంతేనని ఆయన అనుకున్నాడు. కాదు. పైనుంచి వచ్చిన వేడిలో కొంత పనిగా మారిపోతుంది, మిగిలినదే కిందికి దిగుతుంది. ఈ సంగతి 1840లలో జౌల్ ప్రయోగాలతో తేలింది. క్లాసియస్, కెల్విన్ 1850 ప్రాంతంలో జౌల్ మాటనూ కార్నో మాటనూ కలిపి ఉష్ణగతిక శాస్త్రం అనే భవనం కట్టారు. కార్నో అదేమీ చూడలేదు. 1832లో కలరా సోకి 36వ ఏట చనిపోయాడు. అంటువ్యాధి భయం వల్ల ఆయన కాగితాలు చాలావరకు తగలబెట్టేశారట. మిగిలిన కొన్ని చీటీలను బట్టి చూస్తే, తన పొరపాటు ఆయనకు ముందే తట్టిందని తెలుస్తోంది. తన తప్పును తానే పట్టుకున్న మనిషి, పాపం, దానిని చెప్పుకునే వ్యవధి లేకుండా పోయాడు.

కార్నో పుస్తకాన్ని మొదట పట్టించుకున్నవాళ్ళు తక్కువ. క్లాపెరాన్ అనే ఇంజనీరు 1834లో దానిని బొమ్మగా గీశాడు. అడ్డంగా ఘనపరిమాణం, నిలువుగా పీడనం పెట్టి, వాయువు ఏ దారిన వెళ్ళి ఏ దారిన తిరిగివచ్చిందో గీస్తే ఒక మూసిన గీత వస్తుంది. ఆ గీత లోపలి విస్తీర్ణమే మనకు దక్కిన పని. చేను చుట్టూ గట్టు వేసి లోపల ఎన్ని కుంచాలో కొలిచినట్టన్నమాట. ఇదే మేము పిల్లలకు బోర్డు మీద వేసే బొమ్మ.

డీజిల్ గారు ఆ బొమ్మను పట్టుకుని ఇంజను చేయాలనుకున్న మనిషి. కార్నో గీసిన గీతకు వీలైనంత దగ్గరగా వెళ్ళే యంత్రం కడతానని 1893లో పుస్తకం వ్రాశాడు. కాగితం మీద ఆయనకు 73 శాతం దక్షత కనిపించింది. నాలుగేళ్ళు ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో తంటాలుపడి, ఒకసారి ఇంజను పేలి ప్రాణాలమీదికి తెచ్చుకుని, చివరికి 1897 ఫిబ్రవరిలో ఒక ప్రొఫెసరు గారి ఎదుట పరీక్షకు నిలబెడితే వచ్చినది 26 శాతం. అదే ఆనాటికి ప్రపంచ రికార్డు! అప్పటి ఆవిరి యంత్రాలకు అందులో సగం రావడం కష్టం. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. కొబ్బరి నూనెతో కూడా నడుస్తుందేమోనని మా ఊళ్ళో ఒక పెద్దాయన అడిగేవారు. నడుస్తుంది గాని, ఆ ధరకు ఎవరు పోస్తారండీ!

ఇప్పుడు కాస్త లెక్క. 27 డిగ్రీల గాలి సిలిండరులోకి వచ్చిందనుకుందాం. పరమ ఉష్ణోగ్రతలో అది 300. పిస్టను దానిని పదహారో వంతు చోటులోకి నొక్కుతుంది. వేడి బయటికి పోకుండా అలా నొక్కితే గాలి 636 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు నూనె చిలకరిస్తే దానంతట అదే అంటుకుంటుంది. మంట కొనసాగుతూ గాలి చోటు రెట్టింపు అయ్యేదాకా పీడనం మారదనుకుంటే ఉష్ణోగ్రత సుమారు 1,546 డిగ్రీలు. తరువాత గాలి వ్యాకోచిస్తూ పిస్టనును నెడుతుంది. చివరికి 519 డిగ్రీల వేడితో గొట్టంలోనుంచి బయటపడుతుంది. కిలో గాలికి లెక్క వేస్తే, మనం ఇచ్చిన వేడి 914 కిలోజౌళ్ళు, బయటికి పోయినది 353, పనిగా దక్కినది 561. అంటే దక్షత 61 శాతం. పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఇది.

ఈ లెక్కలో ఎన్ని "అనుకుందాం"లు ఉన్నాయో గమనించారా? లోపల ఉన్నది మొదటినుంచి చివరిదాకా ఆదర్శ వాయువేననీ, దాని విశిష్టోష్ణం ఎంత వేడెక్కినా మారదనీ, సిలిండరు గోడలగుండా చిటికెడు వేడి కూడా పోదనీ, రాపిడి అనేది లేదనీ అనుకున్నాం. అసలు ఇంజనులో గోడల చుట్టూ నీళ్ళు తిప్పి వేడిని కావాలనే బయటికి పంపాలి. లేకపోతే పిస్టను పట్టేస్తుంది. ఇవన్నీ నాకు ఇప్పుడు తెలుసు. 1967 వేసవిలో తెలియదు.

ఆ వేసవిలో నేను బి.ఎస్‌సి. రెండో సంవత్సరం పరీక్షలు వ్రాసి ఇంటికి వచ్చాను. డీజిల్ చక్రం లెక్క బుర్రలో తాజాగా ఉంది. కూర్చున్నవాడిని కూర్చోక మిల్లు పుస్తకం తిరగేశాను. కిలో నూనెలో సుమారు 10,200 కిలో కాలరీలు. 16 హార్స్ పవరు గంటసేపు నడిస్తే చేసిన పని 10,260 కిలో కాలరీలకు సమానం. 61 శాతం చొప్పున గంటకు రెండు లీటర్ల నూనె చాలాలి. పుస్తకంలో మాత్రం గంటకు నాలుగున్నర లీటర్లకు పైగా ఉంది. కరపత్రం వెనుక ఈ లెక్క వేసి, భాగస్వాములు ఇద్దరూ కూర్చుని ఉండగా నాన్నగారికి చూపించాను. మిగతా రెండున్నర లీటర్లూ ఎటు పోతున్నాయి అన్నాను. దొంగతనం అనే మాట నేను అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది. భాగస్వాములలో ఒకాయనకు ఇంజను బాబాయి మీద అప్పటికే గురి లేదు. చదువుకున్న కుర్రవాడు కాగితం మీద వేసి చూపించాక ఇంకేముంది?

ఆయనను పిలిపించారు. కాగితం ఆయనకు చదవడం రాదు. నా వైపు చూసి, "నూనె ఎక్కడికెళ్తాదో మీ పుస్తకంలో రాయలేదాండి బాబూ?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. రెండో రోజు పొద్దున పానాలూ, తాళాలూ అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కొత్త డ్రైవరు వచ్చాడు. నెల తిరిగేసరికి నూనె ఖర్చు తగ్గలేదు. నాన్నగారు పుస్తకం చూసి, మూసి, నాతో ఏమీ అనలేదు. ఆయన తిడితే బాగుండేది. నేను అప్పటికి సెలవులు అయిపోయి కాలేజీకి బయలుదేరుతున్నాను. ఆ మాట ఎత్తకుండానే రేవు దాటాను.

1974లో నేను ఉద్యోగంలో ఉన్నాను, అదే పాఠం పిల్లలకు చెబుతున్నాను. ఒకసారి కోటిపల్లి రేవులో ముక్తేశ్వరం వైపు లాంచీ ఎక్కితే, ఇంజను గదిలో నుంచి తల బయటపెట్టిన మనిషి ఆయనే. నేనే గుర్తుపట్టాను. "ఆయ్, మీరాండి! నాన్నగారు బాగున్నారాండి?" అన్నాడు. గోదావరి మధ్యకు వచ్చేదాకా నాకు మాట పెగల్లేదు. అప్పుడు చెప్పాను, ఆ లెక్క తప్పు బాబాయ్, నేను పుస్తకంలోది ఇంజనుకు అంటగట్టాను అని. ఆయన చెయ్యి తుడుచుకుంటూ పొగగొట్టం వైపు చూపించాడు. "దాని మీద చెయ్యెట్టి చూడండి ఓసారి. ఈ తొట్టిలో నీళ్ళు కూడా ముట్టుకు చూడండి. పోయిన నూనంతా ఆ రెండింటోనే ఉందండి. ఆవేళ మీరు అడిగితే చూపించేవోణ్ణి" అన్నాడు. ఇంతకంటె సరైన పాఠం నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. పోసిన నూనెలో పావు వంతు నుంచి మూడో వంతు పనికి, ఇంచుమించు మూడో వంతు నీళ్ళకు, తక్కినది పొగకు. ముక్తేశ్వరంలో దిగాక నేను ఇవ్వబోయిన డబ్బు ఆయన పుచ్చుకోలేదు. మళ్ళీ కనిపించలేదు.

ఆ రోజులకే మా మిల్లుకు కరెంటు మోటారు పెట్టారు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో మొదలయ్యాక తీగలు ఒక్కొక్క ఊరే పాకుతూ వచ్చాయి. మోటారుకు పొగ లేదు, నీళ్ళ తొట్టి లేదు, ఖర్చు తేలిక. 1979లో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను మొదలయ్యాక, వదిలేసే వేడి మా ఊళ్ళో కాక కృష్ణ ఒడ్డున వదిలారన్నమాట. అక్కడా బొగ్గు వేడిలో మూడింట రెండు వంతులు వృథాయే.

ఈలోగా మన కాళ్ళకిందే గ్యాసు బయటపడింది. ఓఎన్‌జీసీ వారు 1978లో నర్సాపురం దగ్గర బావి తవ్వారు, 1983లో రాజోలులో గ్యాసు తగిలింది. ఆ తరువాత కథ మన సభ్యులందరూ కళ్ళారా చూసినదే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి, మార్చి 15 దాకా రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది, కొబ్బరాకుల నీడలు గోడల మీద కదిలేవి. నేను పిల్లలను డాబా మీదికి తీసుకెళ్ళి చూపించి, ఇక్కడ వేడి ఎంత, పని ఎంత అని అడిగాను. వేడి కొండంత, పని సున్న, చక్రం లేదు కాబట్టి అని ఒక అమ్మాయి చెప్పింది. అప్పుడు గర్వపడ్డాను. ఇళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళ సంగతి తలచుకుంటే ఆ ప్రశ్న అడగవలసిన సమయం అది కాదని తరువాత అనిపించింది.

ఆ గ్యాసుతో నడిచే టర్బైను కూడా ఒక చక్రమే. గాలిని నొక్కడం, వేడి చేయడం, వ్యాకోచింపచేయడం అన్నీ అందులోనూ ఉన్నాయి, పిస్టను బదులు రెక్కలు. అమెరికాలో బ్రేటన్ 1872లో పేటెంటు తీసుకున్నాడు గనుక ఆయన పేరు పెట్టారు. దీనిలో ఒక చిక్కుంది. టర్బైను ఇచ్చిన దానిలో సింహభాగం గాలిని నొక్కే కంప్రెసరే తినేస్తుంది. 1939లో స్విట్జర్లాండులో న్యూషాటెల్ ఊరికి పెట్టిన మొట్టమొదటి విద్యుత్ గ్యాస్ టర్బైను 15 మెగావాట్లకు పైగా పుట్టిస్తే, 11కు పైగా కంప్రెసరుకు పోయి ఊరికి దక్కినది 4. దక్షత 17 శాతం చిల్లర. అంటే డీజిల్ గారికి 1897లో వచ్చినదానికంటె తక్కువ. కాని దాని పొగ చాలా వేడి. ఆ పొగతో బాయిలరులో నీళ్ళు మరిగించి మరొక ఆవిరి టర్బైను తిప్పితే? అదే కంబైన్డ్ సైకిలు. గోదావరి అవతలి ఒడ్డున విజ్జేశ్వరంలో 1990, 91లలో మొదలైన 100 మెగావాట్ల కేంద్రం ఈ పద్ధతిదే. అందులో ఇంచుమించు మూడో వంతు కరెంటు మొదటి టర్బైనులు వదిలేసిన వేడినుంచి వచ్చినదే. మొదటిసారి దాని బొమ్మ చూసినప్పుడు నాకు లాంచీ పొగగొట్టమే గుర్తుకు వచ్చింది. జర్మనీలో ఇర్షింగ్ దగ్గర 2011లో ఇటువంటి కేంద్రం పరీక్షలో 60.75 శాతం చూపించింది. నేను మా మిల్లు నుంచి అడిగిన 61 శాతానికి ప్రపంచం 44 ఏళ్ళకు, రెండు చక్రాలు కలిపి, అంత దగ్గరికి వచ్చింది.

మన వైపు ఆ వైభవం నిలవలేదు. రావులపాలెం మండలం దేవరపల్లిలో 445 మెగావాట్ల గ్యాసు కేంద్రం కట్టారు. 2013 నుంచి గ్యాసు అందక అది ఆగిపోయింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పేలిన పైపులైను కూడా తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకుపోయేదే. ఇరవైమందికి పైగా పోయారు. కరెంటు బిల్లు మీద దక్షత గురించి ఏమీ వ్రాసి ఉండదు, ఆ ఇరవైమంది గురించీ ఉండదు.

మొన్నటి సంక్రాంతికి మా పాత ఇంటి అటక సర్దుతుంటే మిల్లు పుస్తకాలు దొరికాయి. చెదలు కొంత తిన్నా 1966 నుంచి 69 దాకా అంకెలు చదవడానికి వీలుగానే ఉన్నాయి. మనుమరాలు కాలిక్యులేటరు పట్టుకుంది, నేను చదివాను. ఇంజను బాబాయి ఉన్న ఆఖరి ఏడాది సగటున గంటకు 4.6 లీటర్లు. ఇంజను నిండు బరువు మీద నడిచిందనుకుంటే దక్షత 26 శాతం పైచిలుకు. ఆయన వెళ్ళాక వచ్చిన ఇద్దరు డ్రైవర్ల కాలంలో 4.9, తరువాత 5.1. 1967 జూన్ పేజీలో నూనె అంకె పక్కన నాన్నగారి చేతివ్రాతతో, పెన్సిలుతో, నేను వేసిన 2 లీటర్ల లెక్క ఉంది. దాని మీద ఆయన ఒక అడ్డగీత గీశారు. ఎప్పుడు గీశారో తెలియదు.